మా అమ్మ అడ్డపొగ, నా కోతలు

ఇంగ్లండులో, కోవెంట్రీలో మా అబ్బాయి ఇంట్లో నలుగురం ఉండేవాళ్ళం. ఈ ఇంట్లో సిగరెట్ కాల్చేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగితే నలుగురం ఒకే గొంతుతో "లేరు" అనేవాళ్ళం. మా ఇంట్లో ఐకమత్యం కనబడేది ఆ ఒక్క విషయంలోనే.

నేను రోజుకి ఇరవై కాల్చేవాణ్ణి. కాదులెండి, రెండే. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, తోట చివర షెడ్డు వెనకాల నిలబడి. ఇరవై అంటే వినేవాళ్ళు "ముసలాడిది గట్టి పిండం" అనుకుంటారని అలా చెప్పడం అలవాటైపోయింది. డబ్బా దాచింది షెడ్డులోని పాత రబ్బరు బూటులో. ఆ దేశంలో సిగరెట్ డబ్బాలన్నీ బురద రంగులో ఉంటాయి, పైన కుళ్ళిన ఊపిరితిత్తుల బొమ్మ. ఆ బొమ్మ మీద అరటిపండు స్టిక్కరు అంటించుకునేవాణ్ణి. చావు భయానికి నేను చేసుకున్న ఏర్పాటు అది.

మా అబ్బాయి కార్ల కంపెనీలో ఇంజనీరు. ఇంటి ముందు కారు ఆపాక పది నిమిషాలు దిగేవాడు కాదు. "ఆఫీస్ కాల్ నాన్నా" అనేవాడు. దిగేటప్పటికి నోట్లో ఏలక్కాయ. వాడు నమిలిన ఏలకులతో మా జిల్లా అంతటికీ పాయసం వండొచ్చు. మా కోడలు పళ్ళ డాక్టరు దగ్గర నర్సు. రోజంతా ఊళ్ళోవాళ్ళ నోళ్ళలోకి దీపం వేసి చూసేది, ఇంటికొచ్చాక మాత్రం ముక్కు మూసుకుని కాపురం చేసేది. నాలుగో మనిషి మనవరాలు. అప్పటికి పద్నాలుగేళ్ళు.

ఇది 2017 నాటి సంగతి. ఆ ఏడాది బడివాళ్ళు ఒక కరపత్రం పంపారు. పిల్లలు పొగకు అలవాటు పడకుండా ఇంట్లో పెద్దవాళ్ళు మాట్లాడాలట. పైన ఒక బొమ్మ: తండ్రి, తల్లి, ఇద్దరు పిల్లలు సోఫాలో కూర్చుని నవ్వుకుంటున్నారు. పొగ గురించి మాట్లాడుతూ అంత ఆనందంగా నవ్వే కుటుంబాన్ని నేను భూమ్మీద చూళ్ళేదు. కోడలు దాన్ని ఫ్రిజ్‌కి అంటించింది. మా అబ్బాయి దాన్ని చదివి, తల పంకించి, కారులో ఏదో మర్చిపోయానని బయటికెళ్ళాడు.

మాట్లాడమన్నారు కదా, మాట్లాడినవాణ్ణి నేనొక్కణ్ణే. అదీ ఎలా మాట్లాడానో వినండి.

మనవరాలికి హిస్టరీలో ఒక హోంవర్క్ ఇచ్చారు. ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి పాత సంగతులు రాసుకురమ్మన్నారు. ఇంట్లో తెలుగు అర్థం చేసుకుంటుంది గానీ జవాబు ఇంగ్లీషులోనే ఇస్తుంది ఆ పిల్ల. ఎంతో కష్టపడి పట్టుకున్న తెలుగు మాట ఒక్కటే, "తాతా". ఫోను నా ముందు పెట్టి, మీ అమ్మ గురించి చెప్పు తాతా అంది.

డెబ్బై నాలుగేళ్ళ వయసులో నా ముందు ఒకరు ఫోను పెట్టి, నేను చెప్పేది రికార్డు చేస్తానంటే నేను నిజం చెబుతానా?

మాది శ్రీకాకుళం వైపు. మా అమ్మ అడ్డపొగ తాగేది. తెలియనివాళ్ళకి చెబుతున్నాను: చుట్ట వెలిగించి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి పీల్చడం. మా వైపు ఆడవాళ్ళలో ఇది వింత కాదు. గోగునార ఒలిచేటప్పుడు నడుంలోతు నీళ్ళలో నిలబడాలి, రెండు చేతులూ తడి, పైన గాలి. చుట్ట బయటికి పెడితే ఆరిపోతుంది. లోపలికి పెడితే ఆరదు. అంతే, దానిలో గొప్పేం లేదు.

గొప్పంతా నేను కలిపాను. "మా అమ్మ తుఫానులో చుట్ట తాగేది," అన్నాను. "ఊరి ఇళ్ళ కప్పులన్నీ ఎగిరిపోయాయి, మా అమ్మ చుట్ట మాత్రం ఆరలేదు. ఆ నిప్పుతోనే మర్నాడు ఊరంతా పొయ్యిలు ముట్టించుకున్నారు." మనవరాలి కళ్ళు పెద్దవయ్యాయి. ఇక నన్ను ఆపేదెవరు? ఒక తెల్లదొర గుర్రం మీద వచ్చి, మా అమ్మ నోట్లోంచి పొగ రావడం, చుట్ట మాత్రం కనబడకపోవడం చూసి గుర్రం మీంచి పడ్డాడన్నాను. మా అమ్మ తొంభై ఆరేళ్ళు బతికిందనీ, పోయేనాటికి ముప్ఫై రెండు పళ్ళూ ఉన్నాయనీ చెప్పాను.

"నొప్పి పుట్టదా?" అని అడిగింది, ఇంగ్లీషులో.

"నొప్పేటి? అలవాటైతే నిప్పు చల్లగా ఉంటుందే," అన్నాను.

చూశారా, ఆ మాట. దాన్ని అనడానికి నాకు రెండు క్షణాలు పట్టలేదు.

తెలుగులో మనం పొగ కూడా తాగుతాం కదా. ఆ పిల్ల దాన్ని ఇంగ్లీషులోకి అక్షరాలా తిప్పి రాసింది, మా ముత్తవ్వ నిప్పుతో పాటు చుట్టల్ని తాగేసేది అని. టీచరమ్మ పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టి, కింద 'అద్భుతం' అని రాసి, క్లాసులో చదివించింది. పిల్ల ఇంటికొచ్చి నన్ను కావలించుకుంది. పద్నాలుగేళ్ళ పిల్ల తాతని కావలించుకోవడం ఆ దేశంలో మామూలు విషయం కాదు. నాకు పద్మశ్రీ వచ్చినట్టనిపించింది.

తరవాత ఒక శనివారం మధ్యాహ్నం. మా కోడలు మిరియాల చారు పెట్టింది. మనవరాలు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళనీళ్ళు తిప్పుకుంది. వేరే ఇంట్లో అయితే నీళ్ళు తాగమనేవారు. మా కోడలు ఫోను దీపం వేసింది.

"నోరు తెరు."

"ఏం లేదు మమ్మీ. నిన్న పిట్జా వేడిగా తిన్నాను."

"తెరవమన్నానా?"

తెరిచింది. అంగిలి మీద, గుండ్రంగా, పెన్సిలు వెనకవైపంత బొబ్బ. మా కోడలు మేడ మీదికి వెళ్ళి, బడి కోటు తీసుకొచ్చి, వాసన చూసి బల్ల మీద పెట్టింది. పోలీసువాళ్ళు కత్తి పెట్టినట్టు.

"సిగరెట్ ఎక్కడిది?"

పిల్ల అప్పుడు నీళ్ళ గ్లాసు అందుకుంది.

"దాన్ని ఎవరిచ్చారు? ఆ పిల్లేనా?"

ఆ పిల్ల అంటే మనవరాలి స్నేహితురాలు, రెండు వీధుల అవతల ఉండేది. ఆరేళ్ళ నుంచీ ఇద్దరూ ఒకే బెంచీ. మనవరాలికి ఇంకో స్నేహితురాలు లేదు. తక్కిన పిల్లలు దీని టిఫిన్ డబ్బా వాసన చూసి దూరం జరిగితే, ఆ పిల్ల ఒక్కతే వేలు పెట్టి నిమ్మకాయ పచ్చడి నాకి, ఇంకొంచెం ఇమ్మంది. కానీ వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి, డ్రెస్సింగ్ గౌనులో, వీధి అంతటికీ కనబడేలా సిగరెట్ కాలుస్తుంది. అదీ ఆ పిల్ల మీద మాకున్న సాక్ష్యం.

మా మనవరాలు అవుననలేదు, కాదని కూడా గట్టిగా అనలేకపోయింది. కాదంటే మరి ఎక్కడిదని అడుగుతారు. నేను నా కంచంలో చారు కలుపుకుంటూ కూర్చున్నాను. బాగా కలిసిన చారునే మళ్ళీ మళ్ళీ కలిపాను.

సాయంత్రం షెడ్డు వెనక్కి వచ్చింది. నేను రబ్బరు బూటు దులిపి డబ్బా తీసి లెక్క చూసుకుంటున్నాను. ఒకటి తక్కువ.

"తాతా," అంది, "అది చల్లగా లేదు."

ఏం జరిగిందో అదే చెప్పింది. శుక్రవారం బడి అయ్యాక పార్కులో, స్నేహితురాలికి మా ముత్తవ్వలా చేసి చూపిస్తానని, సిగరెట్ వెలిగించి నిప్పు వైపు నోట్లో పెట్టుకుంది. ఆ పిల్ల వద్దని చెయ్యి పట్టుకుందట. నీకు పిచ్చా, మా అమ్మ బతుకు చూడు, రోజూ రాత్రి దగ్గుతుంటే మందు పీల్చే గొట్టం నేనే వెతికి ఇస్తాను, అందట. మా పిల్ల వినలేదు. కాలాక ఆ పిల్లే కుళాయి దగ్గరికి ఈడ్చుకెళ్ళి, పుక్కిలింపించి, ఐసు పుల్ల కొనిపెట్టింది.

"నీ పేరు చెప్పను తాతా, మమ్మీ నిన్ను ఇండియా పంపించేస్తుంది," అంది. నన్ను కాపాడుతోంది!

కాపాడనిచ్చాను. అప్పటికప్పుడు లోపలికి వెళ్ళి నిజం చెప్పేశానని రాసుకుంటే ఎంత బాగుండును. నేను మాత్రం సిగరెట్ డబ్బాని రెండో బూటులోకి మార్చాను.

ఆ రాత్రికే మా కోడలు స్నేహితురాలి తల్లికి మెసేజ్ పెట్టింది, మీ అమ్మాయి ఇక మా ఇంటికి రానక్కర్లేదని. పైగా బడికి ఒక ఈమెయిల్ తయారుచేసింది. సోమవారం పొద్దున పంపాలి. ఆ పిల్లకి అప్పటికే ఏదో గొడవలో ఒక హెచ్చరిక ఉంది. ఇంకో ఫిర్యాదు వెళ్తే కొన్నాళ్ళు బడికి రావద్దంటారని మనవరాలు ఏడుస్తూ చెప్పింది.

ఆదివారం భోజనానికి మాకు తెలిసిన దంపతులు వచ్చారు. హైదరాబాదువాళ్ళు. ఆయన ఏదో బ్యాంకు ఆఫీసులో పెద్ద ఉద్యోగం, ప్రతి ఇంటి పిల్లల మీదా ఆయనకి ఒక సిద్ధాంతం ఉంటుంది. మా అబ్బాయి ఈ సంగతి విప్పగానే ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. పక్కింటి కష్టంతో ఆకలి పెరిగే మనుషులు కొందరుంటారు.

"చూడుండ్రి అంకుల్, గిదంతా సోపతి ఎఫెక్ట్. తల్లి వాకిట్ల నిలవడి తాగుతుంటే పిల్లకేం భయముంటది? మన ఇండ్లల్ల గట్లుంటదా? మన కల్చర్ వేరే కద."

"అవునంకుల్," అంది ఆయన భార్య. "మా వాడైతే గా దిక్కు గూడ చూడడు."

వాళ్ళ వాడికి పదహారేళ్ళు. వాడి గదిలోంచి ఏడాది పొడుగునా మామిడిపండు వాసన వస్తుంది. రూమ్ ఫ్రెషనర్ అని వాళ్ళమ్మ నమ్మకం. వేప్ అనే బ్యాటరీ గొట్టంలోంచి మామిడి పొగ పీలుస్తూ వాడు కిటికీ దగ్గర నిలబడగా నేను చూశాను. నన్ను చూసి కన్ను కూడా కొట్టాడు.

"క్యారెక్టర్ ఇంట్లోనే మొదలవ్వాలి," అన్నాడు మా అబ్బాయి గంభీరంగా. ఆ మాటతో పాటు ఏలకుల ఘుమఘుమ బల్ల ఈ చివర దాకా వచ్చింది. మనవరాలు తండ్రి వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది. పిల్లలకి తెలియదనుకుంటాం. పిల్లలు మర్యాదస్తులు, అంతే.

మా అందరి మీదా నాకు పుట్టిన అసహ్యం చెప్పలేను. సంస్కృతి! వాకిట్లో నిలబడి కాల్చే ఆవిడ చెడ్డది, షెడ్డు వెనక కాల్చే నేను పెద్దమనిషిని. ఆవిడ కూతురు ఆ దగ్గు విని సిగరెట్ ముట్టదు. మా ఇంట్లో పొగ కనబడదు, దగ్గు వినబడదు, నా కథ మాత్రం వినబడింది.

దంపతులు వెళ్ళాక కోడలు లాప్‌టాప్ తెరిచి ఈమెయిల్ మొగుడికి చదివి వినిపించింది. 'మా అమ్మాయి మంచి సంప్రదాయం గల కుటుంబం నుంచి వచ్చింది' అన్న వాక్యం దగ్గర నాకు పొలమారింది. మనవరాలు మెట్ల మీద కూర్చుని నా వంకే చూస్తోంది.

లేచి నిలబడ్డాను. "అమ్మాయ్, ఆ ఈమెయిల్ ఆపు. సిగరెట్ నాదే. నేను పాపిని. యాభై ఏళ్ళుగా రోజుకి నలభై కాలుస్తున్నాను. ఈ కుటుంబాన్ని పొగలో ముంచింది నేనే. నన్ను రేపే విమానం ఎక్కించండి."

మా కోడలు లాప్‌టాప్ మీంచి తల ఎత్తింది. "నలభై కాదు మావయ్యగారూ. రెండు. పొద్దునొకటి, సాయంత్రం ఒకటి. పీకలు గులాబీ కుండీలో గుచ్చుతారు. రెండేళ్ళుగా నేనే ఏరి పారేస్తున్నాను."

ఒప్పుకోలులో కూడా కోతేనా అని నాకే సిగ్గేసింది. కూర్చున్నాను.

"నాన్నా, మీరు కాలుస్తారా?" అన్నాడు మా అబ్బాయి, ఆశ్చర్యం నటిస్తూ.

"మీరు ఊరుకోండి," అంది కోడలు. "మీ కారు సంగతి తరవాత." వాడు ఊరుకున్నాడు. ఆమె నా వైపు తిరిగింది. "సిగరెట్ మీదైతే అయింది. నిప్పు వైపు నోట్లో ఎందుకు పెట్టుకుంది? ఏ పిల్లా అలా చెయ్యదే?"

అది అసలు ప్రశ్న. పళ్ళ నర్సు కాబట్టి అడిగింది. మేమెవరం అడగలేదు.

అప్పుడు చెప్పాను. మనవరాలిని వచ్చి పక్కన కూర్చోమని, తుఫాను లేదనీ, దొరా లేడనీ, గుర్రం అసలే లేదనీ చెప్పాను. మా అమ్మ తొంభై ఆరేళ్ళు బతకలేదు. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు పోయింది. మొదట అంగిలి మీద తెల్లగా పొక్కు. తరవాత పుండు. చివరి నెలల్లో అక్కడ చిల్లు పడింది. గంజి తాగిస్తే ముక్కులోంచి వచ్చేసేది. చారు వాసన తగిలినా ముఖం పక్కకి తిప్పుకునేది. మా అబ్బాయికి ఇంతకాలం జ్వరంతో పోయిందనే చెప్పాను.

ఇంకో మాట కూడా ఉంది, అదీ చెప్పేశాను. అమ్మ చేతులు తడిగా ఉంటాయి కాబట్టి చుట్ట ముట్టించే పని నాది. తొమ్మిదేళ్ళవాణ్ణి. ముట్టించాలంటే పీల్చాలి కదా. మొదటి నాలుగు దమ్ములూ నావి, తరవాత అమ్మవి. నాకు ఎవరు నేర్పారని ఎవరైనా అడిగితే కాలేజీ స్నేహితులు అని చెప్పుకున్నాను ఇన్నాళ్ళూ. సోపతి ఎఫెక్ట్. హైస్కూల్లో ఉన్నప్పుడు అమ్మ సంతకి పోతూ బడి ముందు నుంచి వెళ్తే, బుగ్గ లోపల చుట్టతో, నేను గోడ చాటుకి తప్పుకునేవాణ్ణి. ఆమె చూసింది ఒకసారి. తరవాత నుంచి వేరే దారిన వెళ్ళింది. బతికుండగా సిగ్గుపడ్డాను, పోయాక గుర్రాలూ తుఫానులూ తగిలించి గొప్పదాన్ని చేశాను. రెండిట్లో ఏది పెద్ద అబద్ధమో నాకు ఇప్పటికీ తేలలేదు.

మనవరాలే అడిగింది.

"నిజంగా ఎన్నేళ్ళు తాతా?"

"నలభై నాలుగు."

తల్లి వైపు చూసింది. మా కోడలికి నలభై మూడు.

కోడలు లాప్‌టాప్ మూయలేదు. ఈమెయిల్‌ని మొదటి నుంచి చివరి దాకా మాకు కనబడేలా చెరిపేసింది. "బడి సంగతి అయింది," అంది. "వాళ్ళమ్మకి పెట్టిన మెసేజ్ సంగతి? నేను మాత్రం వెళ్ళను. నాకు మొహం లేదు. మీరు చేసిన పని, మీరే చక్కబెట్టుకురండి మావయ్యగారూ."

వెళ్ళాం, నేనూ మనవరాలూ. దారి పొడుగునా ఇంగ్లీషులో ఏం చెప్పాలో తయారుచేసుకున్నాను, షెడ్డు అనే మాట దగ్గర మాత్రం తడబడుతూ. ఆవిడ గుమ్మంలోనే ఉంది, గౌనులో, సిగరెట్‌తో. ముసలివాళ్ళని చూసుకునే కేర్ హోంలో డ్యూటీ చేసొచ్చిన కళ్ళు. నన్ను చూసి లోపలికి పోలేదు, నవ్వనూ లేదు.

"మీ అమ్మాయి తప్పు లేదు," అన్నాను. "సిగరెట్ నాది. అబద్ధం కూడా నాదే."

"తెలుసు," అంది ఆవిడ. "మా అమ్మాయి శుక్రవారమే చెప్పింది. నిన్న ఆ మెసేజ్ వచ్చాక కూడా, మిమ్మల్ని ఇరికించొద్దని నా నోరు మూయించింది. మీ కోడలికి జవాబు రాసి చెరిపేశాను, అందులో ఏమేం రాశానో మీరు వినకపోవడమే మంచిది."

ఇద్దరు పిల్లలు, రెండు ఇళ్ళలో, ఒక ముసలాడి పరువు కోసం నోరు మూసుకున్నారు. ఆ పరువు విలువ ఎంతో నాకొక్కడికే తెలుసు.

మెట్లు దిగి స్నేహితురాలు వచ్చింది. మా మనవరాలిని ఎగాదిగా చూసింది. "మీ అమ్మ నన్ను రావద్దంది," అంది.

"ఇప్పుడు రమ్మంది."

"నిజంగానా, లేకపోతే మీ తాత చెప్పాడా?"

"లేదు, మమ్మీనే."

ఆ పిల్ల నా వైపు చూసి కొంచెం ఆలోచించింది. నా మాట మీద ఈ వీధిలో ఎంత నమ్మకముందో అర్థమైంది. తరవాత మా పిల్ల చెయ్యి పట్టుకుని మేడ మీదికి తీసుకుపోయింది.

గుమ్మంలో మేమిద్దరం మిగిలాం. ఆవిడ డబ్బా నా ముందుకి చాపింది. వద్దన్నానని రాయాలనుంది. తీసుకున్నాను. వీధి అంతటికీ కనబడేలా, ఆవిడ పక్కన నిలబడి, నిప్పు బయటికి పెట్టి వెలిగించాను. రెండు దమ్ములయ్యాయో లేదో పైన కిటికీ అద్దం మీద టకటక కొట్టిన చప్పుడైంది. తలెత్తి చూస్తే రెండు ముఖాలు, నాలుగు కళ్ళు.

ఆర్పేశాను. ఆవిడ కూడా ఆర్పేసింది, విసుక్కుంటూ.